ద్రాక్షరసంలో చేప ఎందుకు? వీగన్లకు తగిన వైన్ ఎంచుకోవడం గురించి

పటమటవాసి (జనవరి 3, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. భోగికి మా చెల్లెలూ మరిదీ మెల్‌బోర్న్ నుంచి విజయవాడ వస్తున్నారు. రెండేళ్ళుగా ఇద్దరూ వీగన్లు. పాలు, పెరుగు, నెయ్యి, తేనె ఏదీ ముట్టరు. మాది శాకాహారుల ఇల్లే. అయినా పెరుగు లేని భోజనం మా అత్తగారి ఊహకు అందదు. ఈసారి ఒక పూట మేడ మీద అందరం వాళ్ళ పద్ధతిలోనే తినాలని ఆవిడే అన్నారు. నువ్వుల నూనెతో గుత్తివంకాయ, కొబ్బరి పాల పులావు, గోంగూర పచ్చడి, నెయ్యి లేని బొబ్బట్లు అనుకున్నాం.

మరిదికి భోజనంతో ఒక గ్లాసు వైన్ తాగే అలవాటు ఉంది. బందరు రోడ్డులో ఒక దుకాణంలో ఎర్ర వైన్ సీసా కొని చెల్లెలికి ఫోటో పంపాను. "అక్కా, చాలా సంతోషం. కానీ దీన్ని దేనితో తేటపరిచారో కనుక్కుంటావా? కొన్నిటికి చేప, కొన్నిటికి గుడ్డు వాడతారు" అని జవాబిచ్చింది. మళ్ళీ దుకాణానికి వెళ్ళి అడిగితే, ద్రాక్షరసంలో మాంసం ఎక్కడి నుంచి వస్తుందమ్మా అని పంపేశారు. సీసాను అటూ ఇటూ తిప్పి చూశాను. ఆకుపచ్చ చుక్కా లేదు, గోధుమరంగు గుర్తూ లేదు.

చేపకూ ద్రాక్షకూ ఏమిటి సంబంధం? తెలిసినవాళ్ళు చెప్పండి. పది రోజులే ఉంది.

కొత్తపేట_నివాసి (జనవరి 3, రాత్రి 10:05)

పండగ పూట మద్యం ఎందుకమ్మా? ఏ చెరుకు రసమో, కొబ్బరి నీళ్ళో పెట్టండి.

పటమటవాసి (జనవరి 3, రాత్రి 10:21)

అవీ ఉంటాయండి. మా మామగారు, నేను, పిల్లలం తాగేది అవే. అతిథి ఒక గ్లాసు కోరితే అతని నియమానికి భంగం రాకుండా పెట్టాలన్నదే నా ప్రశ్న.

గుంటూరు_మాస్టారు (జనవరి 4, ఉదయం 6:15)

అమ్మా, మీ చెల్లెలు అడిగింది సరైన ప్రశ్న. నేను ముప్పై ఏళ్ళు రసాయనశాస్త్రం చెప్పినవాడిని. నాకు తెలిసింది చెబుతాను.

ద్రాక్షరసం పులిసి వైన్ అయిన కొత్తలో మబ్బుగా ఉంటుంది. చచ్చిన ఈస్టు కణాలు, ద్రాక్ష తొక్కలోంచీ గింజలోంచీ దిగిన టానిన్లు, ద్రాక్షలోని మాంసకృత్తులు అందులో తేలుతుంటాయి. వీటిలో కొన్ని ఎంత సన్నవంటే, వాటంతట అవి అడుగుకు దిగాలంటే నెలలు పడుతుంది. అంతకాలం ఆగలేనివాళ్ళు వాటిని పట్టి కిందికి లాగే పదార్థాన్ని కలుపుతారు. ఆ పదార్థం తేలేవాటికి అతుక్కుని, బరువెక్కి, మడ్డిగా అడుగుకు చేరుతుంది. పైన ఉన్న తేటను వేరే తొట్టెలోకి తీసుకుంటారు.

ఇది మనకు కొత్త విద్య కాదు. కృష్ణకు వరద వచ్చిన రోజుల్లో కాలువ నీళ్ళు ఎర్రగా, బురదగా వచ్చేవి. మా అమ్మమ్మ చిల్లగింజను కుండ లోపలి అంచుకు అరగదీసి ఆ నీళ్ళు పోసేది. తెల్లవారేసరికి మడ్డి అడుగున, తేట పైన. పటిక ముక్క తిప్పినా అంతే. బెల్లం వండేచోట బెండ జిగురు పోసి మురికిని తెట్టుగా పైకి తేల్చి తీసేసేదీ అలాంటి పనే.

వైన్ వాళ్ళు చిల్లగింజ స్థానంలో ఏం వాడతారన్నదే ఇక్కడ ప్రశ్న. పాతకాలం నుంచి వస్తున్నవి నాలుగు. గుడ్డు తెల్లసొన, పాలలోని కేసీన్, పశువుల, పందుల చర్మం, ఎముకల నుంచి తీసిన జెలటిన్, చేపల గాలితిత్తిని ఎండబెట్టి తయారుచేసే ఐసింగ్లాస్. ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతంలో 225 లీటర్ల ఓక్ పీపాకు నాలుగు నుంచి ఆరు గుడ్ల తెల్లసొన వాడే ఆచారం ఉంది. ఎద్దు రక్తం వాడిన రోజులు కూడా ఉండేవి. పిచ్చి ఆవు వ్యాధి బయటపడ్డాక యూరప్‌లో దాన్ని నిషేధించారు.

ఆ నాలుగూ మాంసకృత్తులే. అవే ఎందుకు? నేరేడు పండో పచ్చి అరటికాయో నమలండి. నోరు పిడచకట్టుకుపోతుంది కదా, ఆ వగరు టానిన్‌ది. అది మన లాలాజలంలోని మాంసకృత్తులకు అతుక్కుంటుంది కాబట్టే నాలుక ఎండినట్టవుతుంది. తెల్లసొన వేస్తే అదే పని నోట్లో కాకుండా పీపాలో జరుగుతుంది. వగరు తగ్గి వైన్ మెత్తబడుతుంది. అందుకే ఎర్ర వైన్లకు గుడ్డు, జెలటిన్ ఎక్కువగా వాడతారు. ఈ నాలుగిట్లో తెల్ల వైన్లకు ఐసింగ్లాస్, కేసీన్ వాడకం ఎక్కువ.

బాపట్ల_అల (జనవరి 4, ఉదయం 7:50)

మాస్టారూ, గాలితిత్తి అనగానే గుర్తొచ్చింది. మన తీరంలో కచ్చిడి చేప వలలో పడిందని, వేలంలో లక్షలు పలికిందని పత్రికల్లో చదువుతుంటాం కదా. ఆ ధర మాంసానిది కాదు, కడుపులోని గాలితిత్తిది. మా పెదనాన్న ఒకసారి ఎండబెట్టిన తిత్తి ముక్కను చేతిలో పెట్టారు. పాత లాంతరు గాజులా పసుపు రంగు, వెలుతురుకు పెడితే అవతలి వేలు కనిపించింది. అంచు గోరుతో గీకితే పొరలు పొరలుగా లేచింది. నీళ్ళలో నానేస్తే బంకలా సాగుతుందని చెప్పారు.

గుంటూరు_మాస్టారు (జనవరి 4, ఉదయం 8:10)

అదే గుణం బాబూ. అందులో ఉన్నది కొల్లాజెన్ అనే మాంసకృత్తి. పుల్లటి ద్రవంలో నానబెడితే విచ్చుకుని, తేలుతున్నవాటికి వల వేసినట్టు వేస్తుంది. బీరు పరిశ్రమలోనూ దీన్ని చాలాకాలం వాడారు. ఐర్లండుకు చెందిన గిన్నిస్ కంపెనీ దీన్ని మానేస్తున్నట్టు 2015లో ప్రకటించింది.

సత్యనారాయణపురం (జనవరి 4, ఉదయం 11:30)

గుడ్డు సంగతి నేను కళ్ళారా చూశాను. మా చిన్నప్పుడు రైల్వే క్వార్టర్స్‌లో మా పక్కింట్లో ఒక ఆంగ్లో ఇండియన్ ఆంటీ ఉండేవారు. క్రిస్మస్‌కు రెండు నెలల ముందే నల్ల ద్రాక్ష, పంచదార, గుప్పెడు గోధుమలు పింగాణీ జాడీలో వేసి వాసెన కట్టేవారు. మన ఊరగాయ జాడీయే. డిసెంబరు మొదటి వారంలో గుడ్డు తెల్లసొన నురగ వచ్చేలా గిలకొట్టి అందులో కలిపేవారు. నాలుగు రోజులయ్యాక మూత తీసి నన్ను పిలిచి చూపించారు. పైన మాణిక్యం రంగు, అడుగున నల్లటి మడ్డి. శాకాహారులైన మా నాన్నగారికి మాత్రం కేకు, వైన్ కాకుండా అరటిపళ్ళు, ఖర్జూరాలు పళ్ళెంలో పెట్టి పంపేవారు. "ఇందులో గుడ్డు పడింది, మీ నాన్నకు వద్దు" అని ప్రతి ఏడాదీ చెప్పేవారు. ఆమె చెప్పిన ఆ ఒక్క మాట సీసా మీద ముద్రిస్తే ఈ చర్చే ఉండేది కాదు.

బ్రాడీపేట_4వ_లైను (జనవరి 4, మధ్యాహ్నం 1:15)

అక్కా, నేను గుంటూరులో ఉంటాను, ఐదేళ్ళుగా వీగన్‌ని. సీసా మీద ఎందుకు ఉండదో నేను చెబుతాను. మన దేశంలో ఆహార పొట్లాలకు తప్పనిసరి అయిన శాకాహార, మాంసాహార గుర్తుల నిబంధన మద్యానికి వర్తించదు. కాబట్టి చుక్క లేకపోవడాన్ని బట్టి ఏదీ తేల్చలేం. 2022లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ వీగన్ ఆహారానికి వేరే నిబంధనలు తెచ్చింది. చతురస్రంలో ఆకుపచ్చ వీ అక్షరం, దాని మీద చిన్న ఆకు, అదీ గుర్తు. ఆ నిబంధనల్లో నాకు నచ్చింది ఒకటుంది. తుది పదార్థంలో ఉన్నవే కాదు, తయారీలో సాయానికి వాడినవి కూడా జంతువుల నుంచి రాకూడదని రాశారు.

విదేశీ సీసాల మీద రెండు గుర్తులు చూడండి. ఒకటి బ్రిటన్‌లోని వీగన్ సొసైటీది, పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ. 1944లో పుట్టిన ఆ సంఘం 1990 నుంచి ఆ గుర్తు ఇస్తోంది. రెండోది యూరప్‌లో వాడే పసుపు, ఆకుపచ్చ రంగుల వీ గుర్తు. ఇక్కడ జాగ్రత్త. అదే గుర్తు కింద కొన్నిటికి శాకాహారం అనీ, కొన్నిటికి వీగన్ అనీ ఉంటుంది. అక్కడ శాకాహారం అంటే గుడ్డు, పాలు పడి ఉండవచ్చు.

లబ్బీపేట_పాఠకుడు (జనవరి 4, మధ్యాహ్నం 2:40)

ఒక సందేహం. మాస్టారు చెప్పినట్టు మడ్డితో పాటు అదంతా అడుగుకు పోతుంది కదా. పైన తేటలో మిగిలేది దాదాపు ఏమీ లేనప్పుడు ఇంత పట్టింపు అవసరమా?

బ్రాడీపేట_4వ_లైను (జనవరి 4, మధ్యాహ్నం 3:02)

అన్నా, చారులో కోడిగుడ్డు ఉడికించి, గుడ్డు తీసేసి, ఆ చారు మీ అమ్మగారికి వడ్డిస్తారా? గుడ్డు లేదు కదా అని చెబితే ఆవిడ తాగుతారా? మా నియమమూ అలాంటిదే. గ్లాసులో ఎన్ని మిల్లీగ్రాములు మిగిలిందన్నది కాదు, దాని కోసం ఏ ప్రాణిని వాడారన్నది ముఖ్యం.

లబ్బీపేట_పాఠకుడు (జనవరి 4, మధ్యాహ్నం 3:10)

మా అమ్మ తాగదు. అర్థమైంది తమ్ముడూ.

ద్రాక్షపందిరి (జనవరి 5, రాత్రి 11:20)

ఆలస్యంగా చూశాను, క్షమించండి. మాది తెనాలి. ఎనిమిదేళ్ళుగా నాసిక్ దగ్గర ఒక వైనరీలో పనిచేస్తున్నాను. ఇక్కడ జనవరి నుంచి మార్చి దాకా కోతల కాలం, ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. అయినా ఈ చర్చ చూశాక రాయకుండా పడుకోలేకపోయాను.

అన్ని వైన్లలో చేప, గుడ్డు ఉంటాయని భయపడకండి. తెల్ల వైన్లలో ఎక్కువగా వాడేది బెంటొనైట్ అనే బంకమట్టి. అగ్నిపర్వతపు బూడిద నుంచి ఏర్పడింది. అమెరికాలోని ఫోర్ట్ బెంటన్ పేరు మీద ఆ పేరు వచ్చింది. మన గుజరాత్‌లోని కచ్‌లోనూ దండిగా దొరుకుతుంది. ముందురోజు వేడి నీళ్ళలో నానబెడతాం. తెల్లారేసరికి అరగదీసిన గోపీచందనంలా చిక్కగా ఉబ్బుతుంది. వైన్‌లోని మాంసకృత్తులకు ధన విద్యుదావేశం, ఈ మట్టికి రుణ విద్యుదావేశం. రెండూ కలిసి కిందికి దిగుతాయి.

ఎంత వేయాలో గుడ్డిగా వేయం. వంద మిల్లీలీటర్ల గాజు గొట్టాలు వరుసగా పెట్టి, ఒక్కోదాంట్లో ఒక్కో మోతాదు కలుపుతాం. తేరాక పైదాన్ని వడకట్టి, 80 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు ఉంచి, చల్లార్చి, వెనక దీపం పెట్టి చూస్తాం. మబ్బు పట్టని గొట్టాల్లో ఏది తక్కువ మోతాదో అదే తొట్టెకు వాడతాం. ఎక్కువ వేస్తే పరిమళమూ మట్టితో పాటే పోతుంది. మొదటి ఏడాది నా చేతుల మీదుగా ఒక తొట్టె అలా చప్పబడింది. జామపండు వాసన వచ్చే వైన్, మట్టి ఎక్కువై, ఏ వాసనా లేకుండా మిగిలింది. ఆ బాధ ఇంకా ఉంది.

ఎర్ర వైన్‌లో వగరు తగ్గించడానికి ఇప్పుడు బఠానీ మాంసకృత్తులు, బంగాళాదుంప మాంసకృత్తులు వచ్చాయి. రంగు, చేదు తీయడానికి బొగ్గు పొడి, పీవీపీపీ అనే కృత్రిమ పదార్థం ఉన్నాయి. కైటొసాన్ అనేది మాత్రం విడిగా అడగాలి. రొయ్యల పొట్టు నుంచీ తీస్తారు, ఒక రకం బూజు నుంచీ తీస్తారు. బూజుదైతే ఇబ్బంది లేదు.

అన్నిటికంటే మంచిది ఓపిక. చలిలో నెలల తరబడి కదపకుండా ఉంచి, తేటను వార్చుకుంటూ పోతే ఏ మందూ అక్కర్లేదు. అలాంటి సీసాల మీద అన్‌ఫైన్డ్ అని రాస్తారు. అన్‌ఫిల్టర్డ్ అని మాత్రమే ఉంటే వడకట్టలేదని అర్థం, తేటపరచలేదని కాదు. ఈ రెండిటి దగ్గరే చాలామంది పొరబడతారు.

పటమటవాసి (జనవరి 6, ఉదయం 6:50)

తమ్ముడూ, కోతల మధ్య ఇంత వివరంగా రాసినందుకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. ఇంకొక్కటి చెప్పండి. మా అబ్బాయి ఆర్గానిక్ సీసా కొంటే సరిపోతుందంటున్నాడు. నిజమేనా?

ద్రాక్షపందిరి (జనవరి 6, రాత్రి 10:45)

కాదక్కా. ఆర్గానిక్ అంటే తోటలో వాడిన ఎరువులు, మందుల గురించి, తయారీలో కొన్ని పరిమితుల గురించి. యూరప్ ఆర్గానిక్ నిబంధనలే గుడ్డు, జెలటిన్, ఐసింగ్లాస్ వాడకానికి ఒప్పుకుంటాయి. బయోడైనమిక్ అనే పద్ధతి ఒకటుంది. 1924లో ఆస్ట్రియా తత్వవేత్త రుడాల్ఫ్ స్టైనర్ ఇచ్చిన ఉపన్యాసాల నుంచి వచ్చింది. అందులో ఆవు కొమ్ములో పేడ నింపి భూమిలో పాతి, దాన్ని తోటకు వాడతారు. సీసాలోకి ఏదీ రాకపోయినా కొందరు వీగన్లు దాన్నీ వద్దంటారు. మీ చెల్లెలిని అడగండి, ఆమె గీత ఎక్కడ గీసుకుందో ఆమెకే తెలుసు.

గుంటూరు_మాస్టారు (జనవరి 7, ఉదయం 6:05)

లేబుల్ గురించి ఒక మాట చేరుస్తాను. యూరప్‌లో 2012 నుంచి గుడ్డు, పాల మాంసకృత్తుల జాడ మిగిలితే సీసా మీద రాయాలి. అది అలర్జీ ఉన్నవాళ్ళ కోసం. ఐసింగ్లాస్‌కు మాత్రం అక్కడా, ఆస్ట్రేలియాలోనూ మినహాయింపు ఉంది. 2023 డిసెంబరు 8 తర్వాత తయారైన వైన్లకు యూరప్‌లో పదార్థాల జాబితా తప్పనిసరి చేశారు. చాలా సీసాల మీద ఫోనుతో స్కాన్ చేసే గళ్ళ గుర్తు అందుకే. కానీ తేటపరిచే పదార్థాలు, అలర్జీ కలిగించేవి తప్ప, ఆ జాబితాలోకి రావు. జాబితాలో చేప లేదు కాబట్టి చేప వాడలేదని అనుకోకూడదు.

బ్రాడీపేట_4వ_లైను (జనవరి 7, ఉదయం 9:30)

కాబట్టి అక్కా, నేరుగా అడగడమే దారి. నేను చేసేది ఇది. ముందు బార్నివోర్ అనే వెబ్‌సైటులో ఆ పేరు వెతుకుతాను. కంపెనీలు ఇచ్చిన జవాబులను వాడకందారులు అందులో పెడతారు. జవాబు ఏ సంవత్సరానిదో తప్పకుండా చూస్తాను. ఒకే పేరు, ఒకే లేబుల్, కానీ నిరుడు గుడ్డు వాడినవాళ్ళు ఈ ఏడాది మట్టి వాడి ఉండవచ్చు, తలకిందులుగానూ జరగవచ్చు. తర్వాత కంపెనీకే రాస్తాను. "మీది వీగనా" అని అడిగితే ద్రాక్షతో చేసిందేనండీ అని జవాబు వస్తుంది. అందుకని ఇలా అడుగుతాను: "ఫలానా రకం, ఫలానా సంవత్సరం సీసాను తేటపరచడానికి ఏ పదార్థం వాడారు? గుడ్డు, కేసీన్, జెలటిన్, ఐసింగ్లాస్‌లలో ఏదైనా ఉందా?" ఇప్పటిదాకా నేను రాసిన వాటిలో సగానికి పైగా రెండు మూడు రోజుల్లోనే జవాబిచ్చాయి.

మన ఊళ్ళ వైన్ షాపుల్లో బ్రాందీ, విస్కీ, బీరే ఎక్కువ. వైన్ ఒక మూల అరలో నాలుగైదు రకాలు. ఆ నాలుగైదు పేర్లూ రాసుకొచ్చి అన్నిటికీ ఒకేసారి ఉత్తరం రాయండి. హైదరాబాదు నుంచి తెప్పించాలనుకుంటే ముందు ఎక్సైజు నిబంధనలు చూసుకోండి.

సత్యనారాయణపురం (జనవరి 7, ఉదయం 10:15)

ద్రాక్షరసమైతే గొడవే లేదనుకున్నాను. కొన్ని దేశాల్లో యాపిల్ రసాన్ని కూడా జెలటిన్‌తో తేటపరుస్తారని ఇప్పుడే చదివాను. పిల్లలకు కొనేదీ చూడాలన్నమాట.

ద్రాక్షపందిరి (జనవరి 8, రాత్రి 11:05)

అక్కా, వంటల జాబితా చూశాక ఒక సలహా. మీరు కొన్న ఎర్ర వైన్ వగరుది అయితే గోంగూర పచ్చడితో పెట్టకండి. గుంటూరు కారం మీద వగరు, ఆల్కహాలు పడితే మంట రెట్టింపవుతుంది. కాస్త తీపి మిగిలిన తెల్ల వైన్, చెనిన్ బ్లాంక్ లాంటిది, బాగా చల్లగా పెట్టండి. ద్రాక్షలో ముఖ్యమైన పులుపు టార్టారిక్ ఆమ్లం. చింతపండు పులుపూ అదే. గుత్తివంకాయ పులుసుతో అది సహజంగా కలుస్తుంది. సీసా అడుగున గాజు పెంకుల్లాంటి పలుకులు కనిపిస్తే కంగారుపడవద్దు. చల్లదనానికి ఆ ఆమ్లపు లవణమే పలుకు కట్టింది.

పటమటవాసి (జనవరి 15, రాత్రి 8:30)

అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు. ఏం జరిగిందో చెప్పాలి కదా.

ఐదు కంపెనీలకు రాశాను. మూడు జవాబిచ్చాయి. నేను మొదట కొన్న ఎర్ర వైన్‌కు గుడ్డు వాడామని ఆ కంపెనీ దాచకుండా చెప్పింది. ఆ సీసా మా ఎదురింటి వాళ్ళకు ఇచ్చేశాను. రెండో కంపెనీ "మా ఉత్పత్తులన్నీ సహజమైనవి" అని మాత్రమే రాసింది, దాన్ని పక్కన పెట్టాను. మూడోది చెనిన్ బ్లాంక్. సంవత్సరంతో సహా, బెంటొనైట్ తప్ప మరేదీ వాడలేదని రాశారు. ఆ సీసా బెంజి సర్కిల్ దగ్గర దొరికింది. సంవత్సరం సరిపోల్చుకున్నాకే డబ్బు కట్టాను.

భోగి రాత్రి చెల్లెలు సీసా చేతిలోకి తీసుకోగానే ఆ జవాబు ఫోనులో చూపించాను. రెండుసార్లు చదివింది. ఏమీ అనలేదు, నా చేయి పట్టుకుని కాసేపు వదల్లేదు. మరిది చివరి గ్లాసు వంచుతుంటే సీసా అడుగున నాలుగు తెల్లటి పలుకులు దొర్లాయి. మా అత్తగారు సీసాను దీపానికి ఎత్తి పట్టుకుని చూసి, "చింతపండు పులుపే కదా, నాసిక్ అబ్బాయి చెప్పాడు" అన్నారు.

వచ్చే నెల మరిది పుట్టినరోజుకు మెల్‌బోర్న్‌లోని అతని స్నేహితులకు కేకు చేయించాలట. గుడ్డు, పాలు లేకుండా కేకు పొంగడానికి ఏం వాడతారో తెలిసినవాళ్ళు కొత్త చర్చ మొదలుపెట్టండి, నేను వస్తాను.